బోనస్ సైన్యం

బోనస్ సైన్యం అనేది 1932 వేసవిలో అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని వాషింగ్టన్‌కు తరలివచ్చిన మాజీ సైనికుల సమూహానికి వచ్చిన పేరు. వీరు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారు. మహా ఆర్థిక మాంద్యం వల్ల ఉపాధిని కోల్పోయిన వీరు, ప్రభుత్వం 1945లో చెల్లిస్తానని చట్టపూర్వకంగా అంగీకరించిన యుద్ధకాలపు పరిహారాన్ని వెంటనే ఇవ్వవలసిందిగా కోరారు. సుమారు 17,000 మంది మాజీ సైనికులు, వారి కుటుంబాలు, మద్దతుదారులు కలిసి మొత్తం 43,000 మంది వరకు రాజధానిలో గుమిగూడినట్లు అంచనా. 1932 జూలై 28న అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ ప్రభుత్వం సైన్యాన్ని పంపి వారిని నగరం నుండి వెళ్ళగొట్టింది.

ఒక దేశపు సైన్యం అదే దేశం తరఫున యుద్ధం చేసిన నిరాయుధులపై అశ్వికదళాన్ని, ట్యాంకులను, బాష్పవాయువును ప్రయోగించిన ఈ సంఘటన అమెరికా ప్రజలను కలచివేసింది. ప్రభుత్వం పౌరునికి చేసేది దానమా లేక అది పౌరునికి ఉన్న హక్కా అన్న ప్రశ్న మాంద్యకాలపు అమెరికా రాజకీయాలన్నింటి వెనుక ఉన్నది. ఆ ప్రశ్న ఎంతో సూటిగా బయటపడిన సందర్భాలలో బోనస్ సైన్యపు ఉద్యమం ఒకటి.

పేరు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఐరోపాకు పంపిన అమెరికా సేనలను అమెరికన్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్సెస్ అనేవారు. ఆ పేరును అనుకరిస్తూ ఆందోళనకారులు తమను తాము బోనస్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ అని పిలుచుకున్నారు. పత్రికలు దానిని క్లుప్తంగా బోనస్ సైన్యం అన్నాయి. నిరుద్యోగుల యాత్రకు సైన్యమన్న పేరు రావడం అమెరికాలో అదే మొదటిసారి కాదు. 1894లో జేకబ్ కాక్సీ అనే వ్యాపారి ఒహాయో రాష్ట్రం నుండి వాషింగ్టన్‌కు నడిపించిన నిరుద్యోగుల బృందాన్ని కాక్సీ సైన్యం అన్నారు.

బోనస్ అనే మాట మాజీ సైనికులలో చాలామందికి నచ్చలేదు. బోనస్ అంటే జీతానికి మించి దయతో ఇచ్చేది అనే అర్థం వస్తుంది. చట్టంలో వాడిన మాట సవరించిన పరిహారం. అంటే తక్కువ ఇచ్చిన జీతాన్ని సరిచేయడం. రెండు పక్షాల మధ్య ఉన్న భేదం ఈ రెండు మాటలలోనే కనిపిస్తుంది.

నేపథ్యం

1924 నాటి పరిహార చట్టం

అమెరికా 1917 ఏప్రిల్‌లో యుద్ధంలో ప్రవేశించింది. యుద్ధం ముగిసేలోగా 40 లక్షలకు పైగా అమెరికన్లు సైనిక సేవలో చేరారు. సాధారణ సైనికునికి నెలకు 30 డాలర్లు, అనగా రోజుకు ఒక డాలరు జీతం ఉండేది. అదే కాలంలో స్వదేశంలోని ఆయుధ కర్మాగారాలలో, నౌకా నిర్మాణ కేంద్రాలలో పనిచేసినవారు ఇంతకు ఎన్నో రెట్లు సంపాదించారు. యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికులు ఈ వ్యత్యాసాన్ని ప్రభుత్వమే పూడ్చాలని కోరారు.

పలు ప్రయత్నాల తరువాత 1924 మే నెలలో అమెరికా కాంగ్రెసు ఇందుకు ఒక చట్టం చేసింది. అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ దానిని వీటో చేయగా, కాంగ్రెసు ఆ వీటోను తోసిపుచ్చింది. చట్టంలోని ముఖ్యాంశాలు ఇవి:

* స్వదేశంలో చేసిన సేవకు రోజుకు 1 డాలరు చొప్పున గరిష్ఠంగా 500 డాలర్లు.
* విదేశంలో చేసిన సేవకు రోజుకు 1.25 డాలర్ల చొప్పున గరిష్ఠంగా 625 డాలర్లు.
* రావలసిన మొత్తం 50 డాలర్లకు మించనివారికి వెంటనే నగదు చెల్లింపు.
* మిగిలినవారికి నగదుకు బదులు 20 సంవత్సరాల గడువు గల ధ్రువపత్రం. వడ్డీ తదితరాలతో కలిపి దీని విలువ 1945లో సగటున సుమారు 1,000 డాలర్లు అవుతుంది.

ధ్రువపత్రం గలవాడు గడువులోగా మరణిస్తే ఆ సొమ్ము అతని వారసులకు చెందుతుంది. కావున దీనిని కొందరు సమాధిరాయి బోనస్ అని ఎగతాళి చేశారు. సుమారు 36 లక్షల ధ్రువపత్రాలు జారీ అయ్యాయి. 1920వ దశకంలో దేశం సంపన్నంగా ఉన్నందున 1945 వరకు వేచియుండడం పెద్ద కష్టమని ఎక్కువమంది భావించలేదు.

మహా మాంద్యం

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1929 సెప్టెంబరు 3న 381 వద్ద ఉన్న డౌ జోన్స్ సూచీ 1932 జూలై 8న 41కి పడిపోయింది. 1930 నుండి 1933 వరకు సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. బ్యాంకులో దాచుకున్న సొమ్ముకు అప్పటికి ప్రభుత్వ బీమా లేదు. అందువల్ల బ్యాంకు మూతపడితే ఖాతాదారు జీవితకాలపు పొదుపు పోయినట్లే. 1932 నాటికి 1 కోటి 20 లక్షల మంది వరకు నిరుద్యోగులు అయ్యారు. పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు.

ఆ కాలంలో అమెరికాలో జాతీయ స్థాయిలో నిరుద్యోగ భృతి గానీ, వృద్ధాప్య పింఛను గానీ లేవు. నిరుద్యోగ బీమా చట్టం చేసిన మొదటి రాష్ట్రం విస్కాన్సిన్. అది కూడా 1932 జనవరిలో మాత్రమే జరిగింది. పేదలకు సహాయం చేసే బాధ్యత ఊరి పురపాలక సంఘానిది, చర్చిలది, ధర్మసంస్థలది అని భావించేవారు. వాటి వద్ద నిధులు త్వరలోనే అడుగంటాయి. ఇల్లు కోల్పోయినవారు నగరాల శివార్లలో రేకులతో, అట్టపెట్టెలతో గుడిసెలు వేసుకున్నారు. అధ్యక్షుని పేరు మీదుగా ఇటువంటి మురికివాడలను హూవర్‌విల్ అని పిలిచేవారు.

1932 మార్చి 7న మిచిగన్ రాష్ట్రంలోని డియర్‌బర్న్ పట్టణంలో ఫోర్డ్ కర్మాగారం వద్దకు నిరుద్యోగులు జరిపిన ఆకలి యాత్రపై కాల్పులు జరిగి నలుగురు అక్కడికక్కడే మరణించారు. దేశంలో అశాంతి ఎంతగా పెరిగిందో ఈ సంఘటన తెలియజేస్తుంది.

హూవర్ విధానం

హూవర్ ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెల్జియం ప్రజలకు ఆహారం చేరవేసిన సహాయక సంస్థను నడిపి ప్రపంచఖ్యాతి పొందినవాడు. మానవ దుఃఖం పట్ల అతనికి స్పందన లేదనడం సరికాదు. అయితే కేంద్ర ప్రభుత్వం వ్యక్తులకు నేరుగా సొమ్ము పంచితే వారి స్వావలంబన నశిస్తుందని, బడ్జెటులో సమతుల్యం తప్పితే ఆర్థిక వ్యవస్థ మీద నమ్మకం పోతుందని అతడు గట్టిగా విశ్వసించాడు.

పరిహారపు లెక్క కూడా చిన్నది కాదు. ధ్రువపత్రాలన్నింటినీ ఒకేసారి చెల్లించడానికి సుమారు 240 కోట్ల డాలర్లు కావలసి ఉండేది. 1932 ఆర్థిక సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వపు మొత్తం ఆదాయం 200 కోట్ల డాలర్ల లోపే. 1931 ఫిబ్రవరిలో ధ్రువపత్రం విలువలో సగం వరకు అప్పుగా తీసుకొనే వీలును కాంగ్రెసు హూవర్ వీటోను కాదని కల్పించింది. చాలామంది ఆ అప్పు తీసుకొని ఖర్చు చేసుకున్నారు. దానిపై వడ్డీ కూడా పడుతూ వచ్చింది.

మరొకవైపు 1932 జనవరిలో హూవర్ ప్రభుత్వం పునర్నిర్మాణ ఆర్థిక సంస్థను స్థాపించి, బ్యాంకులకు, రైల్వే కంపెనీలకు అప్పులివ్వడానికి 50 కోట్ల డాలర్ల మూలధనం సమకూర్చింది. పెద్ద సంస్థలను నిలబెట్టడానికి సొమ్ము ఉన్నప్పుడు, తమకు రాసి ఇచ్చిన బాకీ తీర్చడానికి ఎందుకు లేదన్నది మాజీ సైనికుల ప్రశ్న.

వాషింగ్టన్ యాత్ర

టెక్సాస్‌కు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు రైట్ పాట్‌మన్ పరిహారాన్ని వెంటనే చెల్లించాలని బిల్లు ప్రవేశపెట్టాడు. అతడు కూడా యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసినవాడే. విదేశీ యుద్ధాల మాజీ సైనికుల సంఘం ఈ కోరికను బలపరచింది. అన్నిటికంటె పెద్దదైన అమెరికన్ లీజియన్ నాయకత్వం మాత్రం అప్పట్లో ముందుకు రాలేదు.

బిల్లు కమిటీలలో నిలిచిపోవడంతో ఓరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరం నుండి సుమారు 300 మంది 1932 మే నెలలో రాజధానికి బయలుదేరారు. వీరి నాయకుడు వాల్టర్ వాటర్స్. ఇతడు యుద్ధంలో సార్జెంటుగా పనిచేసి, తరువాత ఒక ఆహారపదార్థాల డబ్బాల కర్మాగారంలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. చేతిలో డబ్బు లేనందున వీరు గూడ్సు బండ్లలో ఎక్కి ప్రయాణించారు.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఈస్ట్ సెయింట్ లూయిస్ వద్ద రైల్వే అధికారులు వీరిని అడ్డుకున్నారు. ఈ ఘర్షణ వార్త దేశమంతటా పత్రికలలో వచ్చి, అంతవరకు ఎవరికీ తెలియని ఈ యాత్రకు ప్రచారం లభించింది. చివరకు ఇల్లినాయ్ అధికారులు వీరిని లారీలలో ఎక్కించి రాష్ట్ర సరిహద్దు దాటించారు. తరువాతి రాష్ట్రాలు కూడా తమ బాధ్యత తప్పించుకోవడానికి అదే పని చేశాయి. మే 29న వీరు వాషింగ్టన్ చేరేసరికి దేశం నలుమూలల నుండి ఇతర బృందాలు కూడా బయలుదేరాయి.

శిబిర జీవనం

వాషింగ్టన్ పోలీసు సూపరింటెండెంటు పెల్హామ్ గ్లాస్‌ఫర్డ్ సైన్యంలో బ్రిగేడియర్ జనరల్‌గా పనిచేసి విరమించినవాడు. వచ్చినవారిని శత్రువులుగా గాక అతిథులుగా చూడాలని అతడు నిశ్చయించాడు. ఆహారం కోసం విరాళాలు సేకరించాడు, తన సొంత సొమ్ము కూడా ఇచ్చాడు. ఆందోళనకారులు అతనినే తమ కోశాధికారిగా ఎన్నుకోవడం వారికి అతనిపై గల నమ్మకానికి నిదర్శనం.

అనకోస్టియా నది ఆవలి ఒడ్డున గల పల్లపు మైదానంలో ప్రధాన శిబిరం వెలిసింది. దానికి మార్క్స్ శిబిరం అని పేరు. ఈ పేరు సిద్ధాంతకర్త కార్ల్ మార్క్స్‌ది కాదు. తమతో మంచిగా మెలిగిన ఒక పోలీసు కెప్టెన్ పేరును వారు పెట్టుకున్నారు. చెత్తకుప్పల నుండి ఏరిన చెక్కలు, రేకులు, పాత కార్ల భాగాలతో గుడిసెలు కట్టారు. వీధులకు పేర్లు పెట్టారు. గ్రంథాలయం, తపాలా కేంద్రం, క్షౌరశాల, తమ సొంత వార్తాపత్రిక నడిపారు. మరికొందరు కాపిటల్ భవనానికి దగ్గరలో, పెన్సిల్వేనియా అవెన్యూ మీద కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ప్రభుత్వ భవనాలలో తలదాచుకున్నారు.

శిబిరంలో సైనిక క్రమశిక్షణ పాటించారు. మద్యం, ఆయుధాలు, భిక్షాటన, ప్రభుత్వాన్ని కూలదోయాలనే ప్రసంగాలు నిషిద్ధం. గౌరవప్రదంగా సైన్యం నుండి విడుదలైనట్లు పత్రం చూపినవారినే సభ్యులుగా చేర్చుకున్నారు. జూలైలో మెరైన్ దళాల విశ్రాంత మేజర్ జనరల్ స్మెడ్లీ బట్లర్ శిబిరానికి వచ్చి వారికి మద్దతుగా ప్రసంగించాడు.

నల్లజాతి సైనికులు

మొదటి ప్రపంచ యుద్ధంలో నల్లజాతి సైనికులను వేరు దళాలలో ఉంచారు. 1932 నాటి వాషింగ్టన్ నగరంలో కూడా పాఠశాలలు, భోజనశాలలు వర్ణభేదం ప్రకారం విడివిడిగా ఉండేవి. అటువంటి నగరం నడుమ అనకోస్టియా శిబిరంలో నల్లవారు, తెల్లవారు పక్కపక్క గుడిసెలలో నివసించి, ఒకే వరుసలో నిలబడి భోజనం చేశారు. పౌరహక్కుల నాయకుడు రాయ్ విల్కిన్స్ శిబిరాన్ని స్వయంగా చూసి ఈ విషయాన్ని ది క్రైసిస్ పత్రికలో వివరించాడు. అమెరికా సైన్యంలో వర్ణవిభజనను రద్దుచేసే ఉత్తర్వు 1948 జూలైలో, అనగా ఇది జరిగిన 16 సంవత్సరాల తరువాత మాత్రమే వెలువడింది.

కాంగ్రెసులో బిల్లు

జూన్ 14న ప్రతినిధుల సభలో బిల్లును సమర్థిస్తూ మాట్లాడుతున్న టెన్నెసీ సభ్యుడు ఎడ్వర్డ్ ఎస్లిక్ సభలోనే కుప్పకూలి మరణించాడు. మరునాడు, జూన్ 15న, ప్రతినిధుల సభ బిల్లును 211–176 ఓట్ల తేడాతో ఆమోదించింది.

జూన్ 17న సెనేట్‌లో చర్చ జరుగుతుండగా వేలాది మంది మాజీ సైనికులు కాపిటల్ భవనం ముందు మెట్లమీద, మైదానంలో వేచియున్నారు. రాత్రి ఫలితం వెలువడింది. బిల్లు 62–18 ఓట్లతో ఓడిపోయింది. అల్లర్లు జరుగుతాయని అధికారులు భయపడ్డారు. కాని వాటర్స్ వార్త ప్రకటించిన తరువాత జనం దేశభక్తి గీతం పాడి, వరుసలు తీరి శిబిరాలకు తిరిగివెళ్ళారు.

జూలై 16న కాంగ్రెసు సమావేశాలు ముగిశాయి. ఇంటికి వెళ్ళేవారికి రైలు ఖర్చుల నిమిత్తం కాంగ్రెసు ఒక లక్ష డాలర్లు కేటాయించింది. ఆ ఖర్చును కూడా వారికి 1945లో రావలసిన పరిహారం నుండి మినహాయించుకుంటామని షరతు పెట్టింది. కొన్ని వేలమంది వెళ్ళిపోయారు. తిరిగివెళ్ళడానికి ఇల్లు గానీ పని గానీ లేనివారు ఉండిపోయారు. అధ్యక్షుడు హూవర్ వారి ప్రతినిధులను కలుసుకోవడానికి అంగీకరించలేదు.

1932 జూలై 28

ఆనాడు ఉదయం పెన్సిల్వేనియా అవెన్యూ భవనాలలో ఉన్నవారిని ఖాళీ చేయించవలసిందిగా ప్రభుత్వం పోలీసులను ఆదేశించింది. మొదట పని ప్రశాంతంగానే సాగింది. తరువాత ఇటుకలు విసరుకోవడంతో ఘర్షణ మొదలైంది. మధ్యాహ్నం ఒక పోలీసు జరిపిన కాల్పులలో విలియం హుష్కా అక్కడే మరణించాడు. ఎరిక్ కార్ల్‌సన్ గాయపడి కొద్దిరోజుల తరువాత చనిపోయాడు. ఇద్దరూ మాజీ సైనికులే. ఇద్దరినీ ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక గౌరవాలతో ఖననం చేశారు.

పోలీసులకు పరిస్థితి అదుపు తప్పిందన్న నివేదికపై హూవర్ సైన్యాన్ని దింపడానికి అనుమతించాడు. యుద్ధ మంత్రి పాట్రిక్ హర్లీ ఆ ఆదేశాన్ని సైన్య ప్రధానాధికారి జనరల్ డగ్లస్ మెకార్థర్‌కు అందజేశాడు. మెకార్థర్ స్వయంగా రంగంలోకి దిగాడు. అది ప్రధానాధికారి స్థాయికి తగిన పని కాదని అతని సహాయకుడు మేజర్ డ్వైట్ ఐసెన్‌హోవర్ సలహా ఇచ్చినా వినలేదు. అశ్వికదళంలో మేజర్ జార్జ్ పాటన్ ఉన్నాడు. ఈ ముగ్గురూ తరువాత రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రసిద్ధ సేనానులు అయ్యారు. ఐసెన్‌హోవర్ 1953లో దేశాధ్యక్షుడు కూడా అయ్యాడు.

సాయంత్రం సుమారు నాలుగున్నర గంటలకు అశ్వికదళం కత్తులు దూసి, పదాతిదళం తుపాకులకు బాయినెట్లు బిగించి, ట్యాంకులతో సహా పెన్సిల్వేనియా అవెన్యూ మీదకు వచ్చాయి. అది కార్యాలయాలు వదిలే సమయం. వేలాది మంది ఉద్యోగులు రోడ్డు ప్రక్కన నిలబడి చూశారు. సైన్యం తమ గౌరవార్థం కవాతు చేస్తున్నదని మొదట భావించి కొందరు మాజీ సైనికులు హర్షధ్వానాలు చేశారని చెబుతారు. మరుక్షణమే దళాలు వారిపైకి వచ్చాయి. బాష్పవాయువు ధాటికి స్త్రీలు, పిల్లలు సహా అందరూ చెల్లాచెదురయ్యారు.

అనకోస్టియా వంతెన దాటి ప్రధాన శిబిరంలోకి వెళ్ళవద్దని హూవర్ కబురు పంపాడు. మెకార్థర్ దానిని లెక్కచేయలేదు. రాత్రి సైన్యం నది దాటింది. సైనికులు పెట్టిన నిప్పుతో కొన్ని, విడిచివెళ్తూ నివాసులే పెట్టిన నిప్పుతో కొన్ని గుడిసెలు తగలబడి శిబిరం మొత్తం బూడిదైంది. ఆ మంటల వెలుగు నగరమంతటా కనిపించింది. ఆ రోజు 55 మంది గాయపడగా, 135 మంది అరెస్టయ్యారు. శిబిరం నుండి తరిమివేయబడినవారిలో పలువురు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జాన్స్‌టౌన్ మేయరు ఆహ్వానంపై అక్కడికి వెళ్ళి, కొద్దిరోజులకు చెదరిపోయారు.

ఈ ఘటనలో జోసెఫ్ ఏంజెలో అనే మాజీ సైనికుని ఉదంతం ప్రసిద్ధి చెందింది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సులో గాయపడిన పాటన్ ప్రాణాలను కాపాడినందుకు ఇతడు ఉన్నత సైనిక పతకం పొందాడు. 1932లో పని లేక బోనస్ సైన్యంలో చేరాడు. శిబిరం దగ్ధమైన మరునాడు పాటన్‌ను కలవడానికి వెళ్ళగా, పాటన్ అతనిని దగ్గరకు రానీయలేదు.

తిరుగుబాటు ఆరోపణ

ఆ రాత్రే మెకార్థర్ విలేకరులతో మాట్లాడుతూ, ఆ గుంపులో నిజమైన మాజీ సైనికులు కొద్దిమందేనని, వారు విప్లవానికి సిద్ధపడ్డారని ఆరోపించాడు. హూవర్ ప్రభుత్వం కూడా కమ్యూనిస్టులపై, నేరస్థులపై నింద మోపింది.

కమ్యూనిస్టు పార్టీకి అనుబంధమైన ఒక మాజీ సైనికుల సంఘం వాషింగ్టన్‌లో పనిచేసిన మాట నిజమే. కాని దాని బలం స్వల్పం. వాటర్స్ అనుచరులే వారిని తమ శిబిరం నుండి వెళ్ళగొట్టేవారు. ప్రభుత్వపు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ లెక్కల ప్రకారం ఆందోళనకారులలో 94 శాతం మందికి సైనిక లేదా నావికాదళ సేవకు సంబంధించిన రికార్డులు ఉన్నాయి. మూడింట రెండు వంతుల మంది విదేశాలలో యుద్ధసేవ చేసినవారు. ప్రభుత్వ వాదనకు ప్రభుత్వ శాఖ లెక్కలే అడ్డువచ్చాయి. పోలీసు అధికారి గ్లాస్‌ఫర్డ్ కూడా సైన్యం అవసరం లేదని బహిరంగంగా చెప్పి, 1932 అక్టోబరులో పదవికి రాజీనామా చేశాడు.

1932 ఎన్నికలు

తగలబడిన గుడిసెల ఛాయాచిత్రాలు, వార్తాచిత్రాలు దేశమంతటా ప్రదర్శితమయ్యాయి. నవంబరు 8న జరిగిన అధ్యక్ష ఎన్నికలలో డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 42 గెలుచుకున్నాడు. రూజ్‌వెల్ట్‌కు 472, హూవర్‌కు 59 ఎలక్టొరల్ ఓట్లు వచ్చాయి. హూవర్ ఓటమికి ప్రధాన కారణం మాంద్యమే. అయితే మాంద్యకాలపు కష్టాల పట్ల అతడు కఠినుడన్న అభిప్రాయాన్ని జూలై 28 ఘటన ప్రజల మనస్సులలో స్థిరపరచింది.

ఇక్కడ గమనించవలసిన విషయం, బోనస్‌ను వెంటనే చెల్లించడానికి రూజ్‌వెల్ట్ కూడా వ్యతిరేకే. సహాయం అవసరాన్ని బట్టి అందరికీ అందాలి గానీ, ఒక వర్గానికి మాత్రమే ప్రత్యేకంగా ఇవ్వరాదని అతని వాదన.

రూజ్‌వెల్ట్ కాలంలో

1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ పదవి చేపట్టాడు. అదే నెలలో పొదుపు చట్టం ద్వారా మాజీ సైనికులకిచ్చే పింఛన్లలో భారీగా కోత విధించాడు. మే నెలలో కొన్ని వేలమంది మళ్ళీ వాషింగ్టన్ వచ్చారు. ఈసారి ప్రభుత్వం వారికి వర్జీనియాలోని ఫోర్ట్ హంట్ వద్ద గుడారాలు, భోజనం, వైద్యం ఏర్పాటు చేసింది. అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఎటువంటి కాపలా లేకుండా బురదలో నడిచి శిబిరానికి వెళ్ళి, వారితో కలిసి పాటలు పాడింది. హూవర్ సైన్యాన్ని పంపాడు, రూజ్‌వెల్ట్ తన భార్యను పంపాడు అనే మాట అప్పుడు పుట్టి లోకోక్తిగా మారింది.

పరిహారం మాత్రం ఇవ్వలేదు. దానికి బదులు యువకుల కోసం ఏర్పరచిన పౌర పరిరక్షణ దళంలో వయోపరిమితి సడలించి 25,000 మంది మాజీ సైనికులకు ఉపాధి కల్పించారు. జీతం నెలకు 30 డాలర్లు. ఇది 1917లో సైనికునికిచ్చిన జీతంతో సమానం.

ఫ్లారిడా తుఫాను, 1935

పని కోరిన మాజీ సైనికులలో కొన్ని వందల మందిని ఫ్లారిడా కీస్ ద్వీపాలలో రహదారి వంతెనల నిర్మాణానికి పంపారు. వారు సముద్రమట్టానికి కొద్ది ఎత్తులో, బలహీనమైన తాత్కాలిక నివాసాలలో ఉండేవారు. 1935 సెప్టెంబరు 2న అతి తీవ్రమైన తుఫాను ఆ ద్వీపాలను తాకింది. వారిని తరలించడానికి మయామీ నుండి పంపిన రైలు ఆలస్యంగా చేరి, ఉప్పెనలో పట్టాలు తప్పి ఒరిగిపోయింది. 250 మందికి పైగా మాజీ సైనికులు మరణించారు. రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే ఘటనాస్థలాన్ని చూసి, వారిని అక్కడ ఉంచినవారిని నిలదీస్తూ న్యూ మాసెస్ పత్రికలో వ్యాసం రాశాడు. మృతుల స్మారక చిహ్నం ఇస్లామొరాడా వద్ద కలదు.

1936 చెల్లింపు

1935 మే నెలలో కాంగ్రెసు పాట్‌మన్ బిల్లును ఆమోదించింది. రూజ్‌వెల్ట్ స్వయంగా కాంగ్రెసు ఉభయసభల ముందుకు వచ్చి తన వీటో సందేశాన్ని చదివాడు. ఒక అధ్యక్షుడు ఇలా చేయడం అదే ప్రథమం. ఆ వీటో సెనేట్‌లో నిలిచింది.

అయితే 1936 ఎన్నికల సంవత్సరం. జనవరి 27న కాంగ్రెసు రూజ్‌వెల్ట్ రెండవ వీటోను భారీ మెజారిటీతో తోసిపుచ్చి చెల్లింపు చట్టాన్ని చేసింది. జూన్ 15 నుండి తపాలా బంట్రోతులు ఇంటింటికీ వెళ్ళి 50 డాలర్ల బాండ్లు అందజేశారు. వాటిని వెంటనే నగదుగా మార్చుకొనవచ్చు. సుమారు 32 లక్షల మందికి సగటున 550 డాలర్ల చొప్పున లభించింది. ఇది ఆనాటి తలసరి వార్షిక ఆదాయం కంటె కొంత ఎక్కువ.

మాజీ సైనికులు ఆ సొమ్ములో అధికభాగాన్ని వెంటనే ఖర్చు చేసినట్లు ఆర్థికవేత్త జాషువా హౌస్‌మన్ 2016లో ప్రచురించిన పరిశోధనలో నిర్ధారించాడు. అంటే ఇద్దరు అధ్యక్షులు భారమని భయపడిన చెల్లింపు, నిజానికి 1936లో మార్కెట్లో కొనుగోళ్ళను పెంచి ఆర్థిక వ్యవస్థ కోలుకోవడానికి తోడ్పడింది.

జి.ఐ. బిల్లు

రెండవ ప్రపంచ యుద్ధంలో 1 కోటి 60 లక్షల మంది అమెరికన్లు సైనిక సేవ చేశారు. వారు తిరిగివచ్చిన తరువాత మరొక అనకోస్టియా ఏర్పడుతుందేమోనన్న భయం శాసనకర్తలలో ఉండేది. ఈసారి అమెరికన్ లీజియన్ ముందుండి చట్టాన్ని రూపొందించింది. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఈ చట్టాన్ని జి.ఐ. బిల్లు అంటారు. ఇందులో మూడు ముఖ్య సదుపాయాలు ఉన్నాయి:

* కళాశాల విద్యకు, వృత్తి శిక్షణకు ఫీజులు, జీవన భృతి.
* ఇల్లు, వ్యవసాయం, వ్యాపారం నిమిత్తం తీసుకొనే అప్పులకు ప్రభుత్వ హామీ.
* పని దొరికేవరకు వారానికి 20 డాలర్ల చొప్పున గరిష్ఠంగా 52 వారాల నిరుద్యోగ భృతి.

1956 నాటికి 78 లక్షల మంది విద్యా, శిక్షణ సదుపాయాలను వినియోగించుకున్నారు. అంతకుముందు సంపన్నులకే పరిమితమైన కళాశాల విద్య సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. అయితే అమలును స్థానిక సంస్థలకు, బ్యాంకులకు వదిలినందువల్ల, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాలలో, నల్లజాతి మాజీ సైనికులలో చాలామందికి ఈ లాభాలు అందలేదు. అనకోస్టియాలో ఒకే వరుసలో నిలబడి భోజనం చేసినవారి తరువాతి తరానికి, చట్టం అందరికీ ఒకటే అయినా, ఫలం ఒకటి కాలేదు.

ప్రాముఖ్యత

బోనస్ సైన్యం 1932లో ఓడిపోయింది. దాని కోరిక 1936లో నెరవేరింది. దాని ప్రభావం 1944 చట్టంలో కనిపించింది. ఈ పన్నెండేళ్ళలో అమెరికా ప్రభుత్వపు ఆలోచనలో వచ్చిన మార్పు పెద్దది. 1924లో వాగ్దానాన్ని ఇరవై ఏళ్ళ తరువాతకు వాయిదా వేసిన ప్రభుత్వం, 1944లో యుద్ధం ముగియకముందే సైనికుని భవిష్యత్తుకు ఏర్పాట్లు చేసింది. ఈ మధ్యలోనే, 1935లో, సామాజిక భద్రతా చట్టం ద్వారా నిరుద్యోగ బీమా, వృద్ధాప్య పింఛను అమెరికాలో జాతీయ విధానంగా మారాయి.

రాజధానిలో శాంతియుతంగా బైఠాయించి ప్రభుత్వాన్ని కదిలించే పద్ధతికి కూడా ఈ ఉద్యమం ఒక ఉదాహరణగా నిలిచింది. శిబిరం ఉన్న స్థలం తరువాతి కాలంలో అనకోస్టియా ఉద్యానవనంలో భాగమైంది.

ముఖ్య తేదీలు

* 1924 మే – పరిహార చట్టం
* 1929 అక్టోబరు – స్టాక్ మార్కెట్ పతనం
* 1931 ఫిబ్రవరి – ధ్రువపత్రంపై సగం వరకు అప్పుకు అనుమతి
* 1932 మే 29 – పోర్ట్‌లండ్ బృందం వాషింగ్టన్ చేరిక
* 1932 జూన్ 15 – ప్రతినిధుల సభలో బిల్లు ఆమోదం
* 1932 జూన్ 17 – సెనేట్‌లో బిల్లు తిరస్కృతి
* 1932 జూలై 28 – సైనిక చర్య
* 1932 నవంబరు 8 – అధ్యక్ష ఎన్నికలలో రూజ్‌వెల్ట్ విజయం
* 1933 మే – రెండవ యాత్ర
* 1935 సెప్టెంబరు 2 – ఫ్లారిడా తుఫాను
* 1936 జనవరి 27 – చెల్లింపు చట్టం
* 1944 జూన్ 22 – జి.ఐ. బిల్లు